ఒకే ఊళ్లో, ఒకే గంటకి: అటు డిబేట్, ఇటు ట్రంప్ టౌన్ హాల్. మీరేం చూశారు?

అయోవా_శీను | 2024 జనవరి 10, రాత్రి 10:40

అయోవా రాష్ట్రం డెమోయిన్‌లో ఈ రాత్రి భలే చిత్రం జరిగింది. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే పోటీ నడుస్తోంది కదా. డ్రేక్ యూనివర్సిటీలో సీఎన్ఎన్ డిబేట్. వేదిక మీద పోటీదారులు నిక్కీ హేలీ, రాన్ డిశాంటిస్, ఇద్దరే. సరిగ్గా అదే ఎనిమిది గంటలకి, అక్కణ్నించి రెండు మూడు మైళ్ల దూరంలో అయోవా ఈవెంట్స్ సెంటర్‌లో ఫాక్స్ న్యూస్ వాళ్ల టౌన్ హాల్, అంటే జనం అడిగితే అభ్యర్థి జవాబు చెప్పే సభ. అక్కడ ట్రంప్ ఒక్కడే. ఎదురుగా యాంకర్లు బ్రెట్ బేయర్, మార్తా మెకల్లమ్, చుట్టూ జనం.

నేను రిమోట్ పట్టుకుని రెండూ మార్చి మార్చి చూశాను. డ్రేక్‌లో హేలీ నోరు తెరిస్తే "డిశాంటిస్ లైస్ డాట్ కామ్ చూడండి" అంటుంది. ఆయన చైనా కంపెనీల సంగతి ఎత్తుతాడు, ఈవిడ మళ్లీ వెబ్‌సైట్ పేరు చెబుతుంది. అటు ట్రంప్ హాయిగా కూర్చుని, వైస్ ప్రెసిడెంట్‌గా ఎవర్ని పెట్టుకోవాలో నాకు తెలుసు అని ఊరించి వదిలేశాడు. ఒక్కళ్లు అడ్డం మాట్లాడితే ఒట్టు.

సోమవారం కాకస్, అంటే పార్టీ వాళ్లు ఊరూరా కూడి తమ అభ్యర్థికి ఓటేసే సభ. గెలుస్తాడని అందరూ అంటున్న మనిషి ఒక్క డిబేట్‌కీ రాలేదు. టౌన్ హాల్‌కి మాత్రం వస్తున్నాడు. ఇది సరైన పద్ధతేనా? నాకింకా ఓటు లేదు, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాను. ఓటున్నవాళ్లు ఏమంటారో వినాలని అడుగుతున్నా.

పాలమూరు_పోరడు | జనవరి 10, రాత్రి 11:05

అన్నా, నేను రెండూ చూడలే. ఇంకో అభ్యర్థి క్రిస్ క్రిస్టీ వీడియో చూస్తూ కూసున్నా. మైక్ ఆన్‌లో ఉందని తెల్వక, హేలీ చిత్తుగా ఓడిపోతదని అనేసిండు. తర్వాత అదే మీటింగ్‌లో పోటీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పిండు. అది కూడా టౌన్ హాలే కదా, న్యూహ్యాంప్‌షైర్‌లో విండమ్ అని ఊరు.

రాలీ_రఘు | జనవరి 10, రాత్రి 11:30

శీనూ, ముందు ఒక సంగతి చూడాలి. ఈ రాత్రి డ్రేక్‌లో జరిగింది కూడా పార్టీ అధికారిక డిబేట్ కాదు. రిపబ్లికన్ నేషనల్ కమిటీ నాలుగు డిబేట్లు పెట్టింది: ఆగస్టులో మిల్వాకీ, సెప్టెంబర్లో సిమి వ్యాలీ, నవంబర్లో మయామీ, డిసెంబర్ 6న టస్కలూసా. వాటిలో నిలబడాలంటే పోల్స్‌లో ఇంత శాతం, ఇంతమంది దాతలు అని లెక్క ఉండేది. మొదటిదానికి 40,000 మంది దాతలు చాలు. నాలుగోదానికి వచ్చేసరికి అది 80,000 అయింది, పోల్స్‌లో 6 శాతం కావాల్సి వచ్చింది. ఆ దాతల లెక్క కోసమే డగ్ బర్గమ్ అనే అభ్యర్థి, ఒక్క డాలర్ చందా ఇస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తానన్నాడు! పార్టీ అనుమతి లేని డిబేట్లకి వెళ్లకూడదని సంతకం కూడా పెట్టించుకున్నారు. డిసెంబర్లో ఆ పట్టు వదిలేసి, ఎవరిష్టం వాళ్లదన్నారు. దాంతో టీవీ చానెళ్లు రంగంలోకి దిగాయి.

ట్రంప్ ఆ నాలుగింటికీ వెళ్లలేదు. మిల్వాకీ డిబేట్ రోజున ఫాక్స్ మాజీ యాంకర్ టకర్ కార్ల్‌సన్‌తో ఇంటర్వ్యూ వదిలాడు. సిమి వ్యాలీ రోజున మిషిగన్‌లో ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో ప్రసంగం. మయామీ డిబేట్ రోజున పక్కనే హయలియాలో ర్యాలీ. టస్కలూసాకి ముందు రోజు ఫాక్స్ యాంకర్ హానిటీతో డావెన్‌పోర్ట్‌లో టౌన్ హాల్. గెలిస్తే మొదటి రోజు తప్ప నియంతను కాను అన్నది అక్కడే. మర్నాడు డిబేట్‌లో నలుగురు గొంతు చించుకున్నారు. వారమంతా జనం మాట్లాడుకున్నది మాత్రం ఆ ఒక్క మాట గురించే.

బే_ఏరియా_భాస్కర్ | జనవరి 11, ఉదయం 7:10

ముప్పై పాయింట్లు ముందున్నవాడు కిందవాళ్లతో స్టేజీ ఎక్కి ఎందుకు కొట్టుకోవాలండీ? రాజకీయం తెలిసినవాడెవడూ ఆ పని చెయ్యడు. పోనీ దాక్కున్నాడా? లేదే. నిన్న ఒక మహిళ గర్భస్రావం గురించి మొహం మీదే అడిగింది. గర్భస్రావాన్ని హక్కుగా చెప్పిన రో వర్సెస్ వేడ్ తీర్పు పోవడానికి కారణం నేనే, అందుకు గర్వంగా ఉంది అన్నాడు. దాటవెయ్యలేదు కదా. డిబేట్‌లో అయితే నిమిషంన్నర గంట కొట్టగానే ఆపెయ్యాలి. టౌన్ హాల్లో ఓటరు అడుగుతాడు, అభ్యర్థి తీరిగ్గా చెబుతాడు. నాకైతే ఇదే మేలు.

నాషువా_లక్ష్మి | జనవరి 11, ఉదయం 8:45

భాస్కర్ గారూ, ఓటరు అడుగుతాడన్నారు, సరే. ఆ ఓటర్ని ఎవరు పిలుస్తారు, మైకు ఎవరి చేతిలో ఉంటుంది అన్నది కూడా చూడాలి.

నేను న్యూహ్యాంప్‌షైర్‌లో ఉంటాను. మాకు ఏ పార్టీ అని రాయించుకోకుండా ఓటరుగా నమోదయ్యే వీలుంది. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. అందుకని మమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. ఈ చలికాలం చాలా మీటింగులు తిరిగాను. స్కూలు జిమ్‌లో మడత కుర్చీలు, పక్కన టేబుల్ మీద కాఫీ, డోనట్లు. చివర్లో ప్రశ్నలు. ఒక అభ్యర్థి మీటింగ్‌లో గుమ్మం దగ్గరే కార్డు ఇచ్చి ప్రశ్న రాయమన్నారు. ఆరోగ్య బీమా గురించి రాసిచ్చాను. లోపల చదివినవి ఏమిటనుకున్నారు? "మీకు ఇంత ఓపిక ఎక్కణ్నించి వస్తుంది?" లాంటివి. ఇంకొకాయన దగ్గర కార్డులూ గీర్డులూ లేవు. చెయ్యెత్తితే వాలంటీరు మైకు తెచ్చి ఇచ్చేవాడు, మైకు మాత్రం వదిలేవాడు కాదు, తనే పట్టుకునేవాడు. అనుబంధ ప్రశ్న వేసేలోపు వెనక్కి లాక్కోవడానికి.

అయినా టౌన్ హాల్ దండగ అనను. మొన్న డిసెంబర్ 27న బెర్లిన్ అనే ఊళ్లో (మా రాష్ట్రానికి ఉత్తరాన కొండల్లో చిన్న ఊరు) ఒకాయన నిలబడి హేలీని ఒక్క ప్రశ్న అడిగాడు: అమెరికా అంతర్యుద్ధానికి కారణం ఏమిటి? ఆవిడ ప్రభుత్వం పాత్ర, స్వేచ్ఛ అంటూ ఏదో చెప్పింది. బానిసత్వం అన్న మాట రాలేదు. 2023లో ఉండి ఆ మాట లేకుండా జవాబు చెప్పారే, ఆశ్చర్యంగా ఉంది అన్నాడాయన. బానిసత్వం గురించి ఏం చెప్పమంటారు అని ఎదురడిగి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే రేడియోలో సర్దుకోవాల్సి వచ్చింది. సౌత్ కరోలినా గవర్నర్‌గా 2015లో అసెంబ్లీ ఆవరణలోంచి కాన్ఫెడరేట్ జెండా (అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలిచిన దక్షిణాది రాష్ట్రాలది) దింపించిన మనిషి ఆవిడ! నాలుగు డిబేట్లలో ఎవరికీ ఈ ప్రశ్న తట్టలేదు. ఆ ఊరి పెద్దమనిషికి తట్టింది.

గుంటూరు_మాస్టారు | జనవరి 11, ఉదయం 9:20

ఇక్కడ రాత్రి భోజనాలైపోయాయి, మీ చర్చ చదువుతున్నాను. నాకు ముచ్చటేస్తున్నది ఒక్కటే. ఒకే పార్టీ వాళ్లు, టిక్కెట్టు కోసం, జనం ముందు పోట్లాడుకోవడం! మన దగ్గర ఆ పోట్లాట అంతా అధినేత ఇంటి వరండాలో, బీ-ఫారం చేతికొచ్చేదాకా నడుస్తుంది. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ఇలాంటి ప్రైమరీలు పెట్టి చూసింది. అది అంతటితోనే ఆగిపోయింది.

ఈ టౌన్ హాలు మన రచ్చబండ లాంటిదే అనిపిస్తోంది. నాయకుడు వచ్చి కూర్చుంటాడు, ఊరి జనం కష్టం చెప్పుకుంటారు. కాకపోతే మన రచ్చబండకి గెలిచినవాడు వస్తాడు, అర్జీ ఇస్తాం. అక్కడ గెలవాలనుకునేవాడు వస్తున్నాడు. సందేహం: డిబేట్లు వద్దన్న పార్టీ ఈ టౌన్ హాళ్లని ఎందుకు ఆపదు?

రాలీ_రఘు | జనవరి 11, ఉదయం 10:15

మాస్టారూ, కిటుకంతా అక్కడే. ఇద్దరు అభ్యర్థులు ఒకే వేదిక మీద ఉండి ఒకరికొకరు జవాబు చెప్పుకుంటే పార్టీ దాన్ని డిబేట్ అంటుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళితే అది ఫోరం, లేదా టౌన్ హాల్. నిబంధన దాన్ని ఆపలేదు.

నేను డెమోక్రాట్ని, మావాళ్ల బాగోతమే చెబుతాను. 2015 ఆగస్టులో డెమోక్రాటిక్ నేషనల్ కమిటీ ఆరే ఆరు డిబేట్లు ప్రకటించింది. బయట డిబేట్‌కి వెళ్లినవాళ్లని మిగతావాటికి రానిచ్చేది లేదని షరతు. ఆరింటిలో అయోవా డిబేట్ నవంబర్ 14న, శనివారం రాత్రి. మాంచెస్టర్‌ది డిసెంబర్ 19న, అదీ శనివారమే, క్రిస్మస్ ముందు. ఎవరు చూస్తారు? హిల్లరీ క్లింటన్ కోసమే ఇలా పెట్టారని ఇంకో అభ్యర్థి మార్టిన్ ఓమాలీ బహిరంగంగానే మండిపడ్డాడు. కమిటీ వైస్ చైర్‌గా ఉన్న తులసీ గబ్బార్డ్ డిబేట్లు పెంచమని అడిగి, చైర్ డెబీ వాసర్మన్ షుల్ట్జ్‌తో గొడవ పెట్టుకుంది.

అప్పుడు పనికొచ్చింది ఈ దారే. నవంబర్ 6న సౌత్ కరోలినా రాక్ హిల్‌లో టీవీ యాంకర్ రేచల్ మాడో ముగ్గురు అభ్యర్థుల్నీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నించింది. 2016 జనవరి 25న ఇదే డ్రేక్‌లో సీఎన్ఎన్ టౌన్ హాల్: శాండర్స్, ఓమాలీ, హిల్లరీ వరసగా వచ్చారు. ఒక కుర్రాడు లేచి, మీరు నిజాయితీగా ఉండరని నా వయసువాళ్లు చాలామంది అనుకుంటున్నారు, ఉత్సాహం కనబడటం లేదు అని హిల్లరీ మొహం మీదే అన్నాడు. ఓమాలీ అయినా అంత సూటిగా అనగలిగేవాడా అని నాకు అనుమానం.

2019లో మళ్లీ అదే కథ. వాతావరణ మార్పు మీదే ఒక డిబేట్ పెట్టమని జే ఇన్‌స్లీ అనే అభ్యర్థి అడిగాడు. పార్టీ కుదరదంది, బయట ఎవరైనా పెడితే వెళ్లొద్దంది. సెప్టెంబర్ 4న సీఎన్ఎన్ పదిమందిని ఒకరి తర్వాత ఒకరిని పిలిచి ఏడు గంటలపాటు వాతావరణం మీదే టౌన్ హాళ్లు నడిపింది. పాపం ఇన్‌స్లీ, అప్పటికి రెండు వారాల కిందటే పోటీ నుంచి తప్పుకున్నాడు.

బే_ఏరియా_భాస్కర్ | జనవరి 11, ఉదయం 10:40

ఫాక్స్ సంగతి మర్చిపోయారు రఘు గారూ. 2019లో మీ పార్టీ ఫాక్స్‌కి (రిపబ్లికన్ల వైపు మొగ్గే చానెల్ కదా) డిబేట్ ఇచ్చేది లేదంది. శాండర్స్ మాత్రం ఏప్రిల్లో వెళ్లాడు, పెన్సిల్వేనియా బెత్లెహెమ్‌కి. ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ వదిలి ప్రభుత్వ బీమాకి ఎంతమంది మారతారని బేయర్ జనాన్ని అడిగితే, హాలంతా చేతులెత్తి కేకలు వేశారు. ఫాక్స్ వాళ్లకే దిమ్మ తిరిగింది. ఇంకో అభ్యర్థి ఎలిజబెత్ వారెన్ మాత్రం ఆ చానెల్‌కి వెళ్లేది లేదని భీష్మించుకుంది. ఎవరు తెలివైనవాళ్లు?

రాలీ_రఘు | జనవరి 11, ఉదయం 10:55

ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఇంకో అభ్యర్థి పీట్ బూటజెజ్ కూడా ఫాక్స్‌కి వెళ్లాడు, చివర్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అసలు అతన్ని జనానికి తెలిసేలా చేసిందే 2019 మార్చిలో ఆస్టిన్‌లో జరిగిన సీఎన్ఎన్ టౌన్ హాల్. ఒక్క రోజులో ఆరు లక్షల డాలర్ల చందాలు వచ్చాయి. డిబేట్‌కి అర్హత కోసం పార్టీ పెట్టిన 65,000 మంది దాతల మెట్టు దాటింది దాని తర్వాతే. కానీ గమనించండి: వీళ్లంతా ఆ తర్వాత డిబేట్లకీ వచ్చారు. అక్కడికి రాకుండా ఇక్కడికి మాత్రమే రావడం వేరు.

పాలమూరు_పోరడు | జనవరి 11, మధ్యాహ్నం 12:30

అందరూ పెద్ద పెద్దోళ్ల గురించే మాట్లాడుతుండ్రు. రిపబ్లికన్ల పోటీల ఉన్న మన వివేక్ రామస్వామి సంగతేంది? డిసెంబర్ 13న డెమోయిన్‌లో సీఎన్ఎన్ టౌన్ హాల్లో ఒకామె అడిగింది: ఈ దేశాన్ని నిలబెట్టినోళ్ల మతం మీది కాదు, మీరు ప్రెసిడెంట్ కాలేరనేటోళ్లకి ఏం చెప్తరని. నేను హిందువునే, దాన్ని దాచిపెట్టను అన్నడు. మా అమ్మ వాట్సాప్‌లో ఆ ముక్క ముప్పై మంది పంపిండ్రు.

మంచిగనే చెప్పిండు, కాదనను. కానీ హెచ్1బీ లాటరీ తీసేస్తా, అది వెట్టిచాకిరీ లాంటిదని సెప్టెంబర్‌ల అన్నది ఈయనే. ఆయన పెట్టిన రోయివెంట్ కంపెనీకి 2018 నుంచి 2023 దాకా 29 హెచ్1బీలు మంజూరైనయి. ఇది అడిగేటోడు ఆ టౌన్ హాల్లో ఒక్కడు లేడు. ఎట్లుంటడు? అడగాల్సినోళ్లకి ఓటు లేదాయె. మనలాంటోళ్లం టీవీ ముంగట కూసుని చూసుడే.

అయోవా_శీను | జనవరి 11, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, టీవీ టౌన్ హాల్లో లేకపోవచ్చు గానీ, మామూలు మీటింగుల్లో ఓటు ఉందా లేదా అని ఎవరూ అడగరు. నేను పిజ్జా రాంచ్ అనే హోటల్‌కి వెళ్లాను, అయోవాలో అభ్యర్థులందరికీ అది ఆనవాయితీ. వెనక పార్టీ గదిలో యాభై అరవై మంది, ప్లేట్లలో వేయించిన చికెన్, గోడవార టోపీలు పెట్టుకున్న రైతులు. నా పక్కన ఒక పెద్దాయన చిన్న నోట్‌బుక్‌లో తేదీ, అభ్యర్థి పేరు, తను అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు రాసుకుంటున్నాడు. చూపించమంటే చూపించాడు. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగాడట, ఇథనాల్ (మొక్కజొన్న నుంచి తీసే ఇంధనం) గురించి. జవాబు పక్కన "చెప్పాడు" లేదా "తిరగేశాడు" అని ఒక్క మాట. వాళ్లలో సగానికి పైగా "తిరగేశాడు"లే ఉన్నాయి. టీవీలో మార్కులేసే విశ్లేషకుల కంటే ఆయన నయం అనిపించింది.

నేనూ చెయ్యెత్తాను, గ్రీన్‌కార్డు క్యూ గురించి. నా దాకా రాలేదు. టైమ్ అయిపోయింది.

నాషువా_లక్ష్మి | జనవరి 11, మధ్యాహ్నం 2:00

శీను గారూ, ఆ పెద్దాయన్ని మా ఊరు పంపించండి!

2000 ప్రైమరీ కోసం జాన్ మెకెయిన్ అనే అభ్యర్థి మా రాష్ట్రంలో 114 టౌన్ హాళ్లు పెట్టాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అడిగినవాళ్లు ఆపేదాకా జవాబు చెప్పేవాడట. డబ్బూ పార్టీ అండా ఉన్న జార్జ్ బుష్‌ని ఇక్కడ 49-30 శాతంతో ఓడించాడు. అదే మంత్రం అనుకుని 2016లో క్రిస్టీ లెక్కలేనన్ని మీటింగులు పెట్టాడు. ఆరో స్థానం వచ్చింది. అంతే.

బే_ఏరియా_భాస్కర్ | జనవరి 11, రాత్రి 8:20

లెక్కలొచ్చాయి చూశారా? నిన్న ఫాక్స్ టౌన్ హాల్‌ని 40 లక్షల మందికి పైగా చూశారు. సీఎన్ఎన్ డిబేట్‌ని 25 లక్షల పైచిలుకు. జనం ఏది కోరుకుంటున్నారో తెలిసిపోయింది.

నాషువా_లక్ష్మి | జనవరి 11, రాత్రి 9:05

జనం ట్రంప్‌ని కోరుకుంటున్నారని తెలిసింది. అది డిబేట్ అయినా, టౌన్ హాల్ అయినా వాళ్లు చూస్తారు. ఆయన డ్రేక్‌కి వెళ్లి ఉంటే లెక్క అటు తిరిగేది.

పోయిన మే 10న ఇక్కడ సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో సీఎన్ఎన్ వాళ్లే ఆయనకి టౌన్ హాల్ పెట్టారు. హాల్లో రిపబ్లికన్లు, పార్టీ లేని ఓటర్లు మాత్రమే. యాంకర్ కెయిట్లన్ కాలిన్స్ ఒక్కత్తే ప్రతి అబద్ధానికీ అడ్డుపడుతుంటే, జనం నవ్వుతున్నారు, ఈలలు వేస్తున్నారు. తన మీద లైంగిక దాడి చేశాడని ఇ. జీన్ కారొల్ వేసిన కేసులో ఆయనకి వ్యతిరేకంగా తీర్పు వచ్చి అప్పటికి ఒక్క రోజు. ఆవిణ్ని వెక్కిరిస్తే కూడా చప్పట్లే. ఆ గొడవ చల్లారకముందే, జూన్లో సీఎన్ఎన్ అధిపతి క్రిస్ లిక్ట్ ఉద్యోగం పోయింది. ఎదురుగా సాటి అభ్యర్థి ఉంటే ఆ చప్పట్లు రెండుగా చీలేవి. యాంకర్ ఎంత గట్టిదైనా ఆ పని చెయ్యలేదు.

అడ్మిన్ | జనవరి 12, ఉదయం 6:00

వ్యక్తిగత దూషణలున్న మూడు పోస్టులు తీసేశాం. ట్రంప్‌ని, బైడెన్‌ని ఎంతైనా తిట్టుకోండి, తోటి సభ్యులని కాదు. భోగి, సంక్రాంతి శుభాకాంక్షలు.

గుంటూరు_మాస్టారు | జనవరి 12, ఉదయం 7:30

బైడెన్ గారి పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఆయన పార్టీలో డిబేట్లు అసలు జరిగాయా?

రాలీ_రఘు | జనవరి 12, ఉదయం 8:10

ఒక్కటి కూడా పెట్టలేదు మాస్టారూ. పదవిలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ నిలబడితే పార్టీ డిబేట్లు పెట్టకపోవడం మామూలే, 2020లో ట్రంప్‌కీ అంతే. బైడెన్‌కి పోటీగా నిలబడ్డ డీన్ ఫిలిప్స్, మారియాన్ విలియమ్సన్ న్యూహ్యాంప్‌షైర్‌లో చలిలో తిరుగుతూ దొరికిన సభ దొరికినట్టు మాట్లాడుతున్నారు. అధికారిక వేదిక దొరకనివాళ్లకి టౌన్ హాల్ ఒక్కటే దిక్కు. ట్రంప్‌కి అది విశ్రాంతి మందిరం. మనం రెండింటినీ ఒకే పేరుతో పిలిచి వాదించుకుంటున్నాం.

అయోవా_శీను | జనవరి 16, ఉదయం 9:30

కాకస్ అయిపోయింది. సరిగ్గా సంక్రాంతి రోజునే, బయట మైనస్ 20 సెల్సియస్ దగ్గర. పొద్దున పొంగలి తిని, సాయంత్రం పక్కింటాయనతో కలిసి చూడ్డానికి వెళ్లాను. స్కూలు హాల్లో అభ్యర్థుల తరఫున తలా కొద్దిసేపు మాట్లాడారు. తర్వాత తెల్ల కాగితం ముక్కలు పంచితే పేరు రాసి వేశారు. మా గదిలో ట్రంప్ తరఫున మాట్లాడినాయన రెండు నిమిషాల్లో కూర్చున్నాడు. డిశాంటిస్ తరఫు ఆవిడే ఎక్కువసేపు మాట్లాడింది, 99 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) తిరిగాడని పదేపదే చెప్పింది.

ఫలితం తెలిసిందే: ట్రంప్ 51 శాతం, డిశాంటిస్ 21, హేలీ 19. రామస్వామి 99 కౌంటీలూ రెండేసి సార్లు తిరిగానన్నాడు. 8 శాతం కూడా రాలేదు, రాత్రికి రాత్రే తప్పుకుని ట్రంప్‌కి జై కొట్టాడు. 99 కౌంటీల్లో ట్రంప్‌కి పోయింది ఒక్క జాన్సన్ కౌంటీ. అదీ హేలీకి ఒకే ఒక్క ఓటుతో!

బే_ఏరియా_భాస్కర్ | జనవరి 16, ఉదయం 9:50

నేను ముందే చెప్పాను. జెండా ఎగరేశాడు.

పాలమూరు_పోరడు | జనవరి 16, ఉదయం 10:20

శీను అన్నా, ఆ నోట్‌బుక్ తాత ఎవరికి ఏసిండో కనుక్కున్నవా?

అయోవా_శీను | జనవరి 16, ఉదయం 10:45

ఆయనది వేరే ప్రిసింక్ట్ (ఓటింగ్ వార్డు), కనబడలేదు. కనబడినా చెప్పేవాడు కాదులే.

నాషువా_లక్ష్మి | జనవరి 17, రాత్రి 8:15

ఇప్పుడు బంతి మా దగ్గరికొచ్చింది, 23న ప్రైమరీ. ఇక్కడ రెండు డిబేట్లు ఉండాలి, 18న ఏబీసీది, 21న సీఎన్ఎన్‌ది. ట్రంప్ గానీ బైడెన్ గానీ వస్తేనే నేనూ వస్తానని హేలీ అనేసింది. డిశాంటిస్ ఒక్కడే స్టేజీ మీద నిలబడి ఎవరితో వాదిస్తాడు? రెండూ రద్దు. ట్రంప్ రాలేదని ఇన్నాళ్లూ ఎద్దేవా చేసిన మనిషే, రెండో స్థానంలో ఉన్నాననిపించగానే అదే ఎత్తు వేసింది. నిన్న హెనికర్‌లో డిశాంటిస్‌కి సీఎన్ఎన్ టౌన్ హాల్ జరిగింది, రేపు అక్కడే హేలీకి.

నేనింకా తేల్చుకోలేదు. ఆరోగ్య బీమా గురించి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగితే ఎవరు ఏమంటారో చూద్దామనుకున్నా. ఇప్పుడు ఆ వీలు లేదు. శనివారం దగ్గర్లో ఒక మీటింగ్ ఉందట, వెళ్తున్నా. కార్డు ఇస్తే తీసుకోను, చెయ్యెత్తుతాను.

రాలీ_రఘు | జనవరి 17, రాత్రి 8:40

లక్ష్మి గారూ, ముందు వరసలో, మధ్య నడవా పక్క కుర్చీ పట్టుకోండి. మైకు ఇచ్చేవాళ్లు అటే తిరుగుతారు. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉంచండి, "అవునా కాదా" అని ముగించండి. లేకపోతే తిరగేస్తారు.

పాలమూరు_పోరడు | జనవరి 17, రాత్రి 9:00

అక్కా, బీమా అయినంక టైమ్ ఉంటే గ్రీన్‌కార్డు క్యూ గురించి కూడా ఒక్క ముక్క అడుగుర్రి. ఓటున్నోళ్లు అడిగితెనే ఇంటరు.